ఇరవై ఇళ్ల ఊళ్లో పుట్టినవాళ్లు పిల్లలు కారా?

జూన్ దగ్గరపడితే పార్వతీపురంలో ఏ ఇంట చూసినా ఒకటే చర్చ. మూడేళ్లు నిండిన పిల్లని ప్లే స్కూలుకి పంపాలా, ఏకంగా ఎల్‌కేజీలో వేసేయాలా? ఫీజెంత, వ్యాను వీధి చివరికైనా వస్తుందా, ఇంగ్లీషు మాట్లాడిస్తారా? ఆ తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. కన్నవాళ్లకి ఆ ఆరాటం ఉండాల్సిందే. నా కడుపు మండేది ఇంకొకందుకు. ఇదే జిల్లాలో, కొండ మీద, అదే వయసు పిల్లని కన్న తల్లికి వేరే ప్రశ్న ఉంది. పోడుకి వెంట తీసుకుపోవాలా, ఇంటి దగ్గర అక్కకి అప్పగించి పోవాలా? ఆ అక్కకి ఎనిమిదేళ్లు.

గుమ్మలక్ష్మీపురం, కురుపాం, కొమరాడ, సీతంపేట వైపు కొండలెక్కిన వాళ్లెవరైనా ఈ దృశ్యం చూసే ఉంటారు. జీడిచెట్టు కొమ్మకి పాత చీర ఉయ్యాల. అందులో చంటిది. ఈగలు ముసరకుండా చీర అంచులు దగ్గరకి లాగి ముడేసి, తల్లి కింద వంగి పిక్కలు ఏరుతుంటుంది. నడక వచ్చినవాడైతే అక్కడే రాళ్లలో, ఎండుటాకుల్లో తిరుగుతుంటాడు. పురుగూ పుట్రా ఉండే చోటని ఆమెకి తెలుసు. అందుకే ఏరుతూ ఏరుతూ తలెత్తి కేకేస్తుంది, వాడు పలికేదాకా మళ్లీ వంగదు. మధ్యాహ్నం ఆనపబుర్రలో తెచ్చుకున్న చోడి అంబలే ఇద్దరికీ.

ఇంటి దగ్గర వదిలితే ఎనిమిదేళ్ల పిల్ల చంకలోకి రెండేళ్ల తమ్ముడు ఎక్కుతాడు. వాణ్ణి ఎత్తుకునే బడికి వెళుతుంది. వాడు ఏడవగానే బయటికి వచ్చేస్తుంది. కొన్నాళ్లకి వెళ్లడమే మానేస్తుంది. ఆ పిల్ల పేరు బడి మానేసినవాళ్ల జాబితాలో చేరుతుంది. ప్రభుత్వం వేయాల్సిన ఆయా పని ఆ పిల్ల చేస్తోందని ఏ జాబితాలోనూ ఉండదు.

అంగన్‌వాడీలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. వాటిని నడిపే ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబర్ 2న మొదలైంది. యాభై ఏళ్లు నిండాయి. రాష్ట్రంలో 55 వేలకి పైగా కేంద్రాలున్నాయి. కానీ ఆ లెక్కలో ఊరు చేరాలంటే జనం ఉండాలి. ఏజెన్సీలో పూర్తి కేంద్రానికి 300 జనాభా, మినీ కేంద్రానికి కనీసం 150 అన్నది ఏళ్ల తరబడి నడిచిన నిబంధన. కొండ మీద ఊరు ఆ కొలత చూసుకుని పుట్టదు. గెడ్డ పారే చోట, నాలుగు చెక్కల పోడు దొరికే చోట పదిహేను ఇళ్లు, ఇరవై ఇళ్లు. 2006 డిసెంబర్ 13న సుప్రీంకోర్టు, ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉన్న ఏ ఆవాసమైనా అడిగితే మూడు నెలల్లో అంగన్‌వాడీ పెట్టాలని ఆదేశించింది. గొప్ప ఆదేశమే. ఇరవై ఇళ్లలో నలభై మంది పసిపిల్లలు ఎక్కడినుంచి వస్తారు?

అప్పుడు పక్క ఊరి కేంద్రానికి కలిపేశామంటారు. పక్క ఊరికి మధ్య ఒక గెడ్డ, ఒక కొండ. నిండు గర్భిణిని డోలీ కట్టి మోసుకొచ్చే దారిలో మూడేళ్లవాడు రోజూ నడిచి వెళ్లాలా? వానాకాలం గెడ్డ పొంగితే పెద్దవాళ్లకే దారి ఉండదు. అయినా రిజిస్టర్లో వాడు ఆ కేంద్రం పిల్లాడే. వాడి పేరున గుడ్డు ఉంది, పాలు ఉన్నాయి, ఆటపాటలూ ఉన్నాయి.

మినీ కేంద్రం ఉన్న ఊరి సంగతీ చెప్పాలి. అక్కడ ఆయా ఉండదు, ఒక్కటే మనిషి. వండేది, కడిగేది, తూచేది, ఆడించేది ఆవిడే. దానికి తోడు 2025 జూలై 1 నుంచి ఇంటికిచ్చే సరుకుకి పోషణ్ ట్రాకర్‌లో ముఖం ఫొటో సరిపోవాలి. సిగ్నల్ లేని ఊళ్లో ఆవిడ పిల్లల్ని చూసుకోవాలా, ఫోను పట్టుకుని గుట్ట ఎక్కాలా? ఇలాంటి మనుషులే 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నారు. 11,500 రూపాయల జీతం చాలదని, మినీ కార్యకర్తకైతే 7 వేలేనని మొత్తుకున్నారు. ప్రభుత్వం అత్యవసర సేవ అంటూ ఎస్మా ప్రయోగించింది. అంత అత్యవసరమైన సేవ అసలే అందని ఊళ్లకి యాభై ఏళ్లుగా ఎవరు జవాబుదారీ?

మూడేళ్లలోపు పిల్లల గతి ఇంకా అన్యాయం. అంగన్‌వాడీలో కూర్చోబెట్టేది మూడు దాటినవాళ్లని. అంతకంటే చిన్నవాళ్లకి బాలామృతం ఇచ్చి పంపుతారు, పొడి ఇంటికి పోతుంది. తల్లి కొండకి పోతే ఆ పొడి కలిపి తినిపించేదెవరు? 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే, పనిచోటికి ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు వస్తే వాళ్లని చూసుకోవడానికి ఒక స్త్రీని పెట్టి ఆమెకీ కూలి ఇవ్వాలని రాశారు. మన కొండల్లో గట్లు తవ్విన ఆడవాళ్లని అడగండి, అలాంటి మనిషిని ఎన్నిసార్లు చూశారో.

భాష మాట వచ్చేసరికి నాకు సిగ్గేస్తుంది. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని గిడుగు రామమూర్తి గారి పటానికి దండ వేస్తాం. ఆయన పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకున్నారు, సవర పిల్లల కోసం సవరలోనే పుస్తకాలు రాశారు, బడులు పెట్టారు. వందేళ్లు దాటింది. ఈ రోజు సవర ఇంట, కువి మాట్లాడే ఇంట పుట్టిన మూడేళ్ల పిల్ల కేంద్రానికి వెళితే, ఆకలేస్తోందన్న మాటని అర్థం చేసుకునే మనిషి అక్కడ ఉంటుందో లేదో చెప్పలేం. ఆ పిల్ల నోరు మూసుకుని కూర్చుంటే మందకొడి అంటారు.

ఇంత జరుగుతున్నా చదువు హక్కు పేరున ఎవరినీ కోర్టుకి లాగలేం. ఆ హక్కు ఆరేళ్లు నిండాకే. అంతకుముందు వయసు గురించి రాజ్యాంగం 45వ అధికరణం ప్రయత్నించాలని చెప్పి ఊరుకుంది. 2009 విద్యా హక్కు చట్టం 11వ సెక్షన్‌దీ ఆ ధోరణే. మెదడు ఎదిగే వయసంతా ప్రభుత్వ దయకి వదిలేశారు.

2022 ఏప్రిల్ 4న ఈ పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడ్డప్పుడు పాలన కొండ దగ్గరికి వస్తుందన్నారు. వస్తే ఈ పని చేయండి. జనాభా నిబంధన కొండ ఊళ్లకి ఎత్తేయండి. పది మంది పసిపిల్లలున్నా సరే, ఆ ఊరి మనిషిని, ఆ ఇంటి భాష వచ్చినామెని, పూర్తి జీతం మీద పెట్టండి. ఆరు నెలల పిల్లల్ని కూడా తల్లి తిరిగొచ్చేదాకా ఉంచుకోనివ్వండి. మార్చిలో జీడిపిక్కల పని మొదలవుతుంది. అప్పటిలోగా ఏ ఊళ్లో ఆరేళ్లలోపు వాళ్లు ఎంతమందో లెక్క తీసి, ఊరి పేరుతో సహా కలెక్టరేట్ గోడకి, ఐటీడీఏ గోడకి అతికించండి. ఒక్కో ఊరి పేరు పక్కన మనిషిని ఏ తేదీన వేస్తారో, ఆ తేదీ తప్పితే ఏ అధికారి జవాబు చెప్తారో కూడా రాయండి.