మూడో మాత్ర లెక్క

రాయ్‌పూర్ నుంచి భిలాయ్ వెళ్లే రోడ్డు మీద తగిలే చిన్న పట్టణం కుమ్హారి. ఇలాంటి చోట దగ్గు రెండు వారాలైనా తగ్గని కూలీ తొక్కే మొదటి గడప జిల్లా ఆస్పత్రిది కాదు. మందుల షాపుదో, వీధి చివరి డాక్టరుదో. పల్లెల్లోనైతే 2002లో ఛత్తీస్‌గఢ్ మొదలుపెట్టిన మితానిన్ పథకం కార్యకర్త ఉంటుంది. క్షయకు సరైన వైద్యం ఏమిటో వీళ్లకు తెలుసా?

ముంబైలోని ధారావిలో ఇదే ప్రశ్న వేసి చూశారు. 106 మంది ప్రైవేటు వైద్యులను మందుల చీటీ రాయమంటే 63 రకాలుగా రాశారు. సరిగ్గా రాసింది ఆరుగురు. ఇది 2010 నాటి మాట. అంతకు ముందు, 1991లో వెలువడిన అధ్యయనంలో 100 మంది 80 రకాలుగా రాశారు. పురోగతి అనుకోవాలి కాబోలు! 2014లో ఢిల్లీలో రోగుల్లా నటించేవారిని ప్రైవేటు వైద్యుల దగ్గరికి పంపితే 250 సందర్భాల్లో సరైన దారి చూపింది 52 సార్లే. అదే జబ్బు గురించి కాగితం మీద అడిగితే మాత్రం చాలా మెరుగైన జవాబులు వచ్చాయి. అంటే తెలియకపోవడం సగం, తెలిసీ చేయకపోవడం సగం.

అయితే తప్పంతా వాళ్లదే అనలేం. పాఠమే మారింది. ఏళ్ల తరబడి వారానికి మూడు రోజులే మందులిచ్చిన జాతీయ కార్యక్రమం 2017లో రోజూ వేయాలంది. మామూలు క్షయకు మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాతి నాలుగు నెలలు మూడు. అన్నీ కలిపిన మాత్రే కనుక పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. గుర్తుపెట్టుకోవాల్సింది బరువు. 25 నుంచి 34 కిలోల వారికి రోజుకు రెండు మాత్రలు, 35 నుంచి 49 వరకు మూడు, 50 నుంచి 64 వరకు నాలుగు.

ఈ లెక్క ఛత్తీస్‌గఢ్‌లో ఎంత సున్నితమో చూడండి. బిలాస్‌పూర్ దగ్గర గనియారిలో పనిచేసే జన్ స్వాస్థ్య సహయోగ్ వైద్యులు 2013లో తమ రోగుల వివరాలు ప్రచురించారు. క్షయ సోకిన మహిళల్లో సగం మంది బరువు 34 కిలోలకు అటూఇటూగా ఉన్న గీతకు కిందే. ఒక్క కిలో తేడాతో మూడో మాత్ర ఉంటుంది, లేదా ఉండదు. కళ్లతో చూసి 'బక్కగా ఉంది, రెండు చాలు' అనుకునే కార్యకర్తకు ఆ కిలో కనిపించదు. మందులు పడి, తిండి పడి మనిషి కోలుకున్నాక మాత్రలు పెరగాల్సి రావచ్చు. అందుకు మళ్లీ తూచాలి. రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పకపోతే భయపడి మందులు మానేసే ప్రమాదమూ ఉంది.

పోషకాహారం కోసం రోగికి 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చారు. 2024 నవంబర్ నుంచి అది 1,000 అయింది. తిండికి డబ్బు వచ్చింది సరే, కార్యకర్త సంచిలో బరువు తూచే మిషన్ ఉందా?