జొన్నగిరి: కింద బంగారం, మీద వజ్రం

జొన్నగిరి కర్నూలు జిల్లా తుగ్గలి మండలంల ఉన్న చిన్న ఊరు. ఆర్మూర్ పొంటి పోయే 44వ నంబర్ జాతీయ రహదారే హైదరాబాద్, కర్నూలు దాటి గుత్తి దాకా పోతది. అక్కడ పత్తికొండ రోడ్డు పట్టాలె. ఆర్మూర్ పక్కనున్న ఆలూర్ నుంచి పోయేటోళ్లు ముందటి రాత్రే బయలెల్లాలె గని, గుత్తి చేరినంక మిగిలినదంత ఒక్క దినం పని.

దారిల ముందుగాల వచ్చేది ఎర్రగుడి. అక్కడి బండల మీద అశోకుడు చెక్కించిన శాసనాలున్నయి. పెద్దయి 14, వాటితోని చిన్నయి కూడ. రెండు రకాలూ ఒక్క కాడ దొరుకుడు అరుదు. లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతం, వయసు 2200 ఏండ్లకు పైనే. చిన్న శాసనంల ఒక చిత్రమున్నది: కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు, నాగలి సాలు మలిపినట్టు నడుస్తయి. చెక్కినోడు ఎందుకట్ల చేసిండో పండితులు ఇప్పటికీ వాదులాడుకుంటనే ఉన్నరు.

పాట్నాల ఉన్న రాజుకు ఇంత దూరంల ఏం పని? చరిత్రకారులు చెప్పే కారణాలల్ల బంగారం ఒకటి. దక్కన్‌ల అశోకుని శాసనాలు దొరికిన తావులు శానావరకు బంగారం పడే నేలల పక్కనే ఉన్నయి. కర్ణాటకల మస్కి శాసనానికి హట్టి గనులు దగ్గర్లనే. మౌర్యుల దక్షిణ రాజధాని సువర్ణగిరి జొన్నగిరే అని కొందరంటరు, కాదు కనకగిరి అని ఇంకొందరు. తేలలేదు.

ఊరి దిక్కు వస్తే, చుట్టుపక్కల గుట్టలల్ల పాతకాలం తవ్వకాల గుంతలు భూగర్భ శాస్త్రవేత్తల కంట పడ్డయి. వాటి జాడ పట్టుకునే కొత్త సర్వేలు నడిచినయి. ఇప్పుడు జియోమైసూర్ అనే ప్రైవేటు కంపెనీ గని పని చేపట్టింది. కోలార్‌ల లెక్క మూడు కిలోమీటర్ల లోతు సొరంగాలు కావివి, పైనుంచి తవ్వుకుంట పోయే గని. టన్ను రాయి పిండి చేస్తే చేతికొచ్చేది ఒకటి రెండు గ్రాములే. అందుకే ఇది కంపెనీల పని, గడ్డపార పట్టుకొని ఎవరూ ఇక్కడ బంగారానికి ఉరకరు.

జనం ఉరికేది వజ్రాలకు. ఆలూర్ దిక్కు పసుపు కొమ్ములు నాటుకునే మృగశిర కార్తె దినాలల్లనే ఇక్కడ వేట షురూ అయితది. తొలకరి వానకు పైమట్టి కొట్టుకపోతే గులకరాళ్లు తేలుతయి, వాటిల ఎప్పుడో ఒకపారి వజ్రం మెరుస్తది. తుగ్గలి, పగిడిరాయి, పెరవలి చేన్లల్ల పక్క జిల్లాల నుంచి, కర్ణాటక నుంచి వచ్చినోళ్లు సద్ది కట్టుకొని, తల వంచుకొని పొద్దంత తిరుగుతరు. దొరికినోనికి లక్షలు, దొరకనోనికి నడుంనొప్పి. రెండో రకమోళ్లే ఎక్కువ, ఆ సంగతి ఎవరూ పేపర్ల రాయరు. కొనే వ్యాపారులు కూడ ఆ దినాలల్ల అక్కడిక్కడనే ఉంటరు. బేరమంత గుట్టుగ సాగుతది. రైతులకేమో ఇది తలనొప్పి. విత్తిన చేను తొక్కితే ఎవరు ఊకుంటరు?

టైముంటే అదే రోడ్డు మీద పత్తికొండ కూడ చూడొచ్చు. మద్రాసు గవర్నర్ థామస్ మన్రో 1827ల కలరా తగిలి సచ్చిపోయింది అక్కడనే. గుత్తికి మళ్లినంక కోట ఎక్కాలంటే ఎండ తగ్గాలె, కాళ్లల్ల సత్తువ ఉండాలె.

గని లోపటికి సందర్శకులను పోనియ్యరు, వజ్రం మీద ఆశ పెట్టుకొని పోవుడు దండుగ. ఎర్రగుడి బండ కాడ మాత్రం గంటసేపు నిలబడుడు దండుగ కాదు. ఎండకాలం ఒద్దు, వానలు తగ్గినంక పోవాలె. నీళ్లు, సద్ది వెంట ఉంచుకోండ్రి, చేన్ల గట్ల మీదనే నడువుండ్రి.