ఆడిటర్ ఫీజు ఫ్యాక్టరీ చేతిలో ఉండొద్దు

కాలుష్య నియంత్రణ మండలిని సంస్కరించాలనగానే పరిశ్రమలవాళ్లు అనుమతులు సులభం చేయమంటారు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పట్టు బిగించమంటారు. పటాన్‌చెరు ప్రాంతంలో ఓ బల్క్ డ్రగ్ కంపెనీ ఈటీపీని (వ్యర్థజల శుద్ధి ప్లాంటును) చాలా ఏళ్లు నడిపిన కెమిస్టుగా చెబుతున్నాను: ఆ రెండూ కలిసి సాధ్యమే. అందుకు ముందు కొలతలు నిజం కావాలి.

వ్యర్థజలాల శుద్ధి ఖరీదైన పని. సాల్వెంట్లను స్ట్రిప్పర్‌లో విడదీయాలి, ఉప్పునీటిని ఎంఈఈ అనే బహుళ దశల యంత్రంలో ఆవిరి చేయాలి, మిగిలినదాన్ని బయోలాజికల్ ట్యాంకుల మీదుగా ఆర్‌ఓకి పంపాలి. బాయిలర్‌కు బొగ్గు కావాలి, బ్లోయర్లు రాత్రింబవళ్లు తిరగాలి. ఇదంతా చేసే యజమాని కన్నా, చీకటిపడ్డాక ట్యాంకర్‌ను వాగులో ఖాళీ చేయించేవాడు అదే సరుకును చవగ్గా అమ్మగలడు. నిఘా సడలితే మా ప్రాంతపు నక్కవాగు ఒడ్డు రైతుతో పాటు నిజాయితీగల పారిశ్రామికవేత్తా నష్టపోతాడు.

ఇక పరీక్షల సంగతి. ప్రైవేటు ల్యాబ్‌ను ఎంచుకునేది ఫ్యాక్టరీయే, ఫీజు కట్టేదీ ఫ్యాక్టరీయే. నీటిలో కాలుష్యాన్ని సూచించే సీఓడీ పరిమితి లీటరుకు 250 మిల్లీగ్రాములైతే రిపోర్టులో అంకె దానికి కాస్త కిందే ఆగడం నేను పదేపదే చూశాను. వచ్చే ఏడాదీ పని కావాలనుకునే ల్యాబ్ ఇంకేం రాస్తుంది?

గుజరాత్ మండలి ఎస్తేర్ డఫ్లో వంటి ఆర్థికవేత్తలతో కలిసి ఈ లోపాన్ని సరిదిద్ది చూసింది. కొన్ని ఫ్యాక్టరీలకు కాలుష్యం కొలిచే ఆడిటర్లను లాటరీ పద్ధతిలో కేటాయించి, ఉమ్మడి నిధి నుంచి ఫీజు ఇచ్చి, కొన్ని కొలతలను మళ్లీ తనిఖీ చేయించారు. కాలుష్యం పరిమితిలోనే ఉందంటూ తప్పుడు రిపోర్టు ఇవ్వడం దాదాపు 80 శాతం తగ్గింది. ఆ ఫ్యాక్టరీల కాలుష్యమూ తగ్గింది.

కాగితాలు పెంచితే రక్షణ పెరగదు. పర్యావరణ అనుమతి లేకుండానే నడుస్తున్నామని విశాఖ ఎల్జీ పాలిమర్స్ 2019లో అఫిడవిట్‌లోనే చెప్పింది. అయినా ఫ్యాక్టరీ ఆగలేదు. 2020 మే 7న స్టైరిన్ లీకై 12 మంది చనిపోయారు.

అందుకే కాలుష్యం తక్కువుండే గ్రీన్ కేటగిరీ చిన్న యూనిట్లకు స్వీయ ధ్రువీకరణతో సమ్మతి రెన్యువల్ ఇవ్వండి. వాటి ఫైళ్లు చూసే ఇంజినీర్లను కాలుష్యం ఎక్కువుండే రెడ్ కేటగిరీ ఫ్యాక్టరీల తనిఖీలకు పంపండి. ఆ ఫ్యాక్టరీల ఆడిట్ ఫీజు మండలి ఖాతాలో జమ కావాలి, ఆడిటర్‌ను మండలే లాటరీ తీసి పంపాలి, ఫలితం గ్రామపంచాయతీ గోడమీద తెలుగులో అంటించాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. సమ్మతి పత్రంలో షరతులు పెట్టే అధికారాన్ని 1974 నాటి జల చట్టమే మండలికి ఇచ్చింది. వచ్చే రెన్యువల్ నుంచే రెండు తెలుగు రాష్ట్రాల మండళ్లూ రెడ్ కేటగిరీ ఫ్యాక్టరీల ప్రతి సీఎఫ్‌ఓలో (నిర్వహణ సమ్మతి పత్రంలో) ఈ షరతు చేర్చాలి.