జనం ఏ మాటతో వెతుకుతున్నారు?

ఈ రోజుల్లో డిగ్రీ చేతికొచ్చిన కుర్రవాణ్ణి ఎవర్ని కదిపినా "డిజిటల్ మార్కెటింగ్ నేర్చుకుంటున్నానండీ" అంటున్నాడు. అమీర్‌పేట వీధుల్లో ఆ చదువు చెప్పే బోర్డులు కోకొల్లలు. అందులో మొదటి పాఠాల్లో ఒకటి కీవర్డ్ పరిశోధన. అంటే గూగుల్‌లోనో యూట్యూబ్‌లోనో జనం ఏయే మాటలు కొట్టి వెతుకుతున్నారో తెలుసుకుని, మన సరుకును ఆ మాటల దారిలో నిలబెట్టడం. దీన్ని మనవాళ్లు కంప్యూటరు విద్య అనుకుంటున్నారు. నా మటుకు నాకు ఇది ముందు భాషావిద్య, ఆ తర్వాతే యంత్రవిద్య. జనం మాటను చెవిన వేసుకునే అలవాటున్న తెలుగు విద్యార్థి ఇందులో ఎవరికీ తీసిపోడని నా నమ్మకం. ఉదాహరణకు దూరం పోనక్కరలేదు. జూబ్లీ హిల్స్, ఫిల్మ్‌నగర్ చాలు.

సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి తరలివచ్చి ఈ కొండల మీద స్థిరపడ్డాక ఇక్కడ పేర్లకు కొదవ లేదు. శుక్రవారం వచ్చిందంటే కొత్త పేర్లు గోడలెక్కుతాయి. పూర్వం సినిమా పేరును ఊళ్లోకి మోసుకొచ్చేవి పోస్టరూ, కరపత్రమూ, రిక్షాలో మైకూ. అప్పుడు పేరే మనిషి దగ్గరికి వచ్చేది. ఇప్పుడు మనిషే ఫోను పట్టుకుని పేరును వెతుక్కుంటూ పోతున్నాడు. వాడు కొట్టిన మాటకూ నిర్మాత పెట్టిన పేరుకూ పొత్తు కుదరకపోతే సినిమా ఉన్నట్టే వాడికి తెలియదు. పెద్ద సినిమాకు ఈ బాధ తక్కువ. 'ఆర్ఆర్ఆర్' అన్నది మొదట దర్శకుడి పేరూ, ఇద్దరు హీరోల పేర్లూ కలిపి పెట్టుకున్న తాత్కాలిక నామం. చివరికి 2022లో అదే అసలు పేరుగా విడుదలై లోకమంతా తిరిగింది. అంత బలగం లేని చిన్న సినిమా సంగతే ఆలోచించాలి.

'ఆర్ఎక్స్ 100' అని 2018లో ఒక సినిమా వచ్చింది. అది యమహా మోటారు సైకిలు పేరు కూడా. 2019లో 'జెర్సీ' వచ్చింది. అది ఆటగాడి చొక్కా. ఆ మాట ఒక్కటీ కొట్టినవాడికి బండి కావాలో, చొక్కా కావాలో, సినిమా కావాలో యంత్రానికి ఎలా తెలుస్తుంది? 'దేవదాసు' 1953లో ఉంది, 1974లో ఉంది, 2006లోనూ ఉంది. అందుకే వెతికేవాడు పేరు పక్కన సంవత్సరమో, హీరో పేరో, 'తెలుగు సినిమా' అనో తగిలిస్తాడు. ఆ తగిలించిన మాటే మనకు బంగారం. ఒంటి మాటకు పోటీ ఎక్కువ, అర్థం తక్కువ. నాలుగు మాటలు కలిసిన చోట వెతికేవారు తక్కువే అయినా, వాళ్లకేం కావాలో తేటతెల్లంగా ఉంటుంది. కొత్తగా దిగినవాడు ఆ నాలుగు మాటల దగ్గరే మొదలుపెట్టాలి.

ఇకపోతే వర్ణక్రమం. మనవాళ్లు తెలుగు మాటలను కూడా చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు. 2016లో వచ్చిన 'పెళ్లి చూపులు' అన్న పేరు చూడండి. 'పెళ్లి'కి 'ఎల్' ఒకటా, రెండా? 'చూ'కి రెండు 'ఓ'లా, ఒక 'యూ'నా? రెండు మాటలూ కలిపి రాయాలా, విడదీయాలా? 'బాహుబలి' ఇంగ్లీషు పేరులో 'బా'కి రెండు 'ఏ'లున్నాయి. ఒక 'ఏ'తో సరిపెట్టేవాళ్లు ఎందరో. యంత్రం కొంతవరకు సర్దుకుంటుంది గానీ అన్నిసార్లూ కాదు. ఏ అక్షరం దగ్గర తెలుగువాడి చెయ్యి ఎటు జారుతుందో తెలుగువాడికే తెలుసు.

మాట వెనక మనసు కూడా చదవాలి. ఒకే సినిమా పేరు పక్కన 'టికెట్లు' అన్నవాడు చూడబోతున్నాడు. 'రివ్యూ' అన్నవాడు ఇంకా తేల్చుకోలేదు. 'ఓటీటీ' అన్నవాడు ఇంట్లో కూర్చుని చూద్దామనుకుంటున్నాడు. 'ఫ్రీ డౌన్‌లోడ్' అన్నవాడు డబ్బిచ్చే ఉద్దేశంలో లేడు. గూగుల్ ప్రకటనల్లో సాధారణంగా మన ప్రకటన మీద ఎవరైనా నొక్కినప్పుడల్లా మన డబ్బు పోతుంది. అందుకని ఈ నాలుగోవాడి మాటలను 'ఇవి వద్దు' అని ముందే రాసిపెట్టుకునే వీలుంది. ఆ జాబితా రాయకుండా ప్రకటన వేయడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

సినిమా వదిలేసి కొండ దిగి కృష్ణానగర్ వెళ్దాం. అక్కడ వేషాల దుస్తులు అద్దెకిచ్చే ఒక చిన్న దుకాణం ఉందనుకోండి. యజమాని తన ప్రకటనలో 'సినీ కాస్ట్యూమ్స్' అని గర్వంగా రాసుకుంటాడు. కానీ బడిపిల్లవాడి తల్లి ఆ మాట కొట్టదు. 'కృష్ణుడి డ్రెస్ అద్దెకు', 'ఫ్యాన్సీ డ్రెస్ దగ్గరలో', 'అల్లూరి సీతారామరాజు వేషం' అని కొడుతుంది. అదీ ఏడాది పొడుగునా కాదు. కృష్ణాష్టమికి ముందు, ఆగస్టు పదిహేనుకు ముందు, బడి వార్షికోత్సవాల రోజుల్లో. ఏ మాట, ఏ కాలంలో, ఏ పేటలో అన్న మూడూ కుదిరితే ఆ దుకాణానికి బేరం దొరుకుతుంది. కుదరకపోతే డబ్బూ పోతుంది, "ఈ ఆన్‌లైన్ అంతా మోసమండీ" అన్న మాటా మిగులుతుంది.

పనిముట్లు పెద్ద ఖరీదైనవేం కాదు. గూగుల్ పెట్టెలో సగం మాట కొడితే కింద రాలే సూచనలు మొదటి గురువు. గూగుల్ ట్రెండ్స్ ఏ మాట ఎప్పుడు పెరిగిందో, ఎప్పుడు తరిగిందో చూపిస్తుంది. అందులో 100 అంటే వందమంది అని కాదు, మనం ఎంచుకున్న కాలంలో ఆ మాట తారస్థాయికి చేరిందని. కీవర్డ్ ప్లానర్ అనే పనిముట్టు నెలకు ఎన్నిసార్లు వెతికారో చెబుతుంది. ప్రకటనలకు డబ్బు పెట్టని ఖాతాకు మాత్రం అంకె బదులు 'వంద నుంచి వెయ్యి' అన్నట్టు ఉజ్జాయింపే ఇస్తుంది. మీకంటూ ఒక వెబ్‌సైటు ఉంటే, జనం ఏ మాటలతో మీ గుమ్మం తొక్కారో సెర్చ్ కన్సోల్ చెబుతుంది. అయితే ఈ అంకెలన్నీ జరిగిపోయినవాటి లెక్క. రేపు జనం ఏ మాటతో వస్తారో బజారులో నిలబడి వినాల్సిందే.

తెలుగులో వెతికేవారెవరని పెదవి విరిచేవారున్నారు. నోటితో తెలుగులో చెప్పి వెతికే సదుపాయం గూగుల్‌లో 2017లోనే వచ్చింది. 2018 నుంచి తెలుగు పేజీల మీద గూగుల్ ప్రకటనలకు అవకాశం కలిగింది. వేళ్లతో ఇంగ్లీషు అక్షరాలు కొట్టలేని అమ్మమ్మ కూడా ఇవాళ ఫోనుతో మాట్లాడి అడుగుతోంది. ఆమె ముక్కలుగా అడగదు, నిండు వాక్యంలో అడుగుతుంది. కడపలో ఒక మాట, కరీంనగర్‌లో ఒక మాట. 'ఆనపకాయ' అని వెతికేవారూ, 'సొరకాయ' అని వెతికేవారూ ఒకే కూర వండుతారు. ఈ తేడా తెలిసినవాడు తెలుగు క్లాసులో కూర్చున్న విద్యార్థే గానీ పరాయి రాష్ట్రంలో పట్టిక తయారుచేసే ఉద్యోగి కాదు.

జనం ఏది వెతికితే అదే తయారుచేస్తూ పోతే ఇక సృజన ఎక్కడిదని ఒక విమర్శ ఉంది. అది న్యాయమైన భయమే. యూట్యూబ్‌లో శీర్షికలో ఒక హీరో పేరు, లోపల మరో సోది పెట్టే విద్య మనం రోజూ చూస్తున్నాం. దానికి కాసేపు జనం వస్తారు, మోసపోయామని తెలిసి తిట్టుకుంటూ పోతారు. తప్పుదారి పట్టించే శీర్షికలు ఆ సంస్థ నిబంధనలకే విరుద్ధం. ఒకే మాటను పేజీ నిండా కుక్కినా గూగుల్ ఒప్పుకోదు. పేజీ లోపల దాచి రాసే కీవర్డు పట్టికను ర్యాంకుకు లెక్కలోకి తీసుకోవడం లేదని 2009లోనే ప్రకటించింది. కాబట్టి వెతికే మాట చెప్పేది జనం ఎలా అడుగుతున్నారన్నది మాత్రమే. కథ ఏం రాయాలో, వస్తువు ఎంత నాణ్యంగా చెయ్యాలో చెప్పవలసింది మన బుద్ధి. ట్రెండ్స్ చూసి కథ రాసేవాడు చెవిని వాడుతున్నాడు గానీ తల వాడటం లేదు.

మన కళాశాలలో తెలుగు శాఖ ఒక వరండాలో, కామర్సు శాఖ ఇంకో వరండాలో ఉంటాయి. ఈ విషయంలో ఆ రెండు వరండాలూ కలవాలని నా సూచన. సెలవుల్లో ప్రతి విద్యార్థీ తన వీధిలో ఒక దుకాణం ఎంచుకుని, వచ్చినవాళ్లు సరుకును ఏ మాటతో అడుగుతున్నారో ఓ ఇరవై మాటలు యథాతథంగా నోటుపుస్తకంలో రాసుకురావాలి. వాటిని గూగుల్ పెట్టెలో కొట్టి, ఆ దుకాణం కనబడుతుందో లేదో చూడాలి. కనబడకపోతే ఎందుకు కనబడలేదో ఆ యజమానికి అర్థమయ్యే తెలుగులో చెప్పాలి. ఫీజు కట్టి నేర్చుకునే పాఠం కన్నా ఇది గట్టిది. మిత్రులారా, అమ్మేవాడు నోరు తెరిచే ముందు కొనేవాడి మాట వినాలి. వినడం వచ్చినవాడికి ఈ విద్యలో సగం వచ్చినట్టే.