మోడల్ కొనకండి, చెక్క ముక్క ఇవ్వండి



సైన్స్ ఫెయిర్ అనగానే చాలా ఇళ్లలో స్టేషనరీ షాపు నుంచి రెడీమేడ్ మోడల్ కొనేస్తారు. దాంతో మార్కులు వస్తాయేమో గానీ పని రాదు. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు వడ్రంగం లాంటి చేతిపనులు చేసి చూసే అవకాశం ఇవ్వమంటోంది. అందులో కొంత ఇంట్లోనే, ఒక ఆదివారం మొదలుపెట్టవచ్చు.

మోడల్‌కు కావాల్సిన చెక్క స్టాండు మీ పిల్లల చేతే చేయించండి. 30 సెంటీమీటర్ల పలకను సగానికి కోస్తే నోట్‌బుక్‌లో రెండు 15లు వస్తాయి, చేతిలో రావు. రంపం కొంత పొట్టు చేసేస్తుంది. అందుకే కాస్త పొడవైన పలక తీసుకుని, గీత మీద కాకుండా వదిలేసే ముక్క వైపు కోయాలి. ప్లైవుడ్ అంచు పెచ్చులు లేవకుండా గీత మీద టేపు అతికించాలి. మేకు మొనను సుత్తితో కొంచెం మొద్దు చేస్తే చెక్క అంత తొందరగా చీలదు. స్క్రూకు ముందు సన్నటి రంధ్రం వేసి, స్క్రూకి కాస్త సబ్బు రాస్తే సులువుగా దిగుతుంది. శాండ్‌పేపర్‌ను చెక్క చారల వెంబడే రుద్దాలి.

రంపం పట్టినప్పుడు మీరు పక్కనే ఉండండి. చెక్కను క్లాంప్‌తో బిగించండి. పని మాత్రం వాళ్లనే చేయనివ్వండి. స్టాండు కొంచెం వంకరగా వచ్చినా సరే, దాన్నే బడికి పంపండి. "ఇది ఎలా చేశావు?" అని మేం అడిగితే తడుముకోకుండా చెప్పేది ఆ పిల్లలే.