కొండదారికి కళ్లద్దాలు: నలుపు చూసి కొనకండి

ఒక శీతకాలపు మధ్యాహ్నం మిత్రుని మనుమడొకడు మా ఇంటికి వచ్చాడు. విశాఖపట్నం నుండి స్నేహితులతో కలిసి సైకిలు మీద అరకు వెళ్లి, ఒక రాత్రి ఉండి, ఘాట్ రోడ్డు దిగి వస్తున్నాడు. కుడికన్ను ఎర్రబడి ధారగా నీరు కారుతోంది. వెలుతురు చూడలేకపోతున్నాడు. సుంకరమెట్ట దాటాక కాఫీ తోటల నీడలో వేగంగా వస్తుండగా, దారిలోకి వాలిన రెమ్మ ఒకటి కంటికి కొట్టుకుందట.

"కళ్లద్దాలు పెట్టుకోలేదా నాయనా?" అని అడిగాను.

"ఉన్నాయి తాతగారూ. నీడలోకి రాగానే దారి కనబడలేదు. అందుకని హెల్మెట్ మీదికి నెట్టుకున్నాను" అన్నాడు.

ఆ అద్దాలు అతని చేతిలోనే ఉన్నాయి. ఖరీదైనవే. దట్టమైన నలుపు. వాటి మీద చిన్న గీత కూడా పడలేదు. గీత పడింది అతని కార్నియా మీద, అంటే నల్లగుడ్డును కప్పి ఉండే పారదర్శకమైన పొర మీద. ఆ రోజే నేత్రవైద్యుని వద్దకు పంపించాను. సకాలంలో చికిత్స అందినందున నాలుగైదు రోజుల్లో మానిపోయింది.

ఈ ప్రమాదానికి కారణం అతని వేగమో, ఆ రెమ్మో అని నేననుకోవడం లేదు. పొరపాటు దారిలో కాక దుకాణంలోనే జరిగింది. మనలో చాలామంది చేసే పొరపాటే అది. కళ్లద్దం ఎంత నల్లగా ఉంటే కంటికి అంత మేలని అనుకుంటాము. ఆ నమ్మకం ఎందుకు తప్పో, కొండదారుల్లో సైకిలు తొక్కేవారు, పరుగెత్తేవారు, ద్విచక్ర వాహనాలు నడిపేవారు ఎటువంటి అద్దాలు ఎంచుకోవాలో ఈ వ్యాసంలో వివరిస్తాను. చివర మరొక ముఖ్యమైన మాట కూడా ఉంది. దయచేసి అంతవరకూ చదవండి.

నలుపు వేరు, వడపోత వేరు

కంటికి కనబడే వెలుతురు ఒకటి, కనబడని అతినీలలోహిత కిరణాలు మరొకటి. అద్దానికి వేసిన రంగు మొదటిదాన్ని తగ్గిస్తుంది. రెండవదాన్ని ఆపడం అద్దం తయారైన పదార్థం మీద, దానికి చేసిన పూత మీద ఆధారపడి ఉంటుంది. ఈ రెండింటికీ పొత్తు లేదు. బాగా నల్లగా ఉండి ఈ కిరణాలను లోపలికి వదిలే అద్దాలుంటాయి. నీళ్లవలె తెల్లగా ఉండి వాటిని దాదాపు పూర్తిగా ఆపేవీ ఉంటాయి. పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌కు ఆ గుణం సహజంగానే ఉంది.

వడపోత లేని నల్లని అద్దంతో ఇంకొక చిక్కు ఉంది. వెలుతురు తగ్గగానే కంటిపాప విచ్చుకుంటుంది. ఎండలో కన్ను చిట్లించుకునే సహజ రక్షణ కూడా సడలుతుంది. అంటే తలుపు బార్లా తెరిచి, కాపలాదారును ఇంటికి పంపించినట్లు. ఏళ్ల తరబడి ఈ కిరణాలు సోకిన కంటిలో శుక్లం త్వరగా రావడానికి, తెల్లగుడ్డు మీద కండ పెరిగి నల్లగుడ్డు మీదికి పాకడానికి అవకాశం ఎక్కువ.

అరకు చల్లని ప్రదేశం కదా, అక్కడ ఎండ ఏమి చేస్తుందని కొందరి సందేహం. చలికీ ఈ కిరణాలకూ సంబంధం లేదు. ఎత్తు ప్రతి 1000 మీటర్లకు ఇవి సుమారు 10 శాతం పెరుగుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అనంతగిరి, గాలికొండ ప్రాంతాలు ఇంకా ఎత్తు. పలుచని మబ్బు వెలుతురును తగ్గిస్తుంది గాని అతినీలలోహిత కిరణాలలో అధికభాగాన్ని ఆపలేదు. అందుచేత "400 నానోమీటర్ల వరకు రక్షణ", అంటే యూవీ 400 అన్న గుర్తు ఉన్న అద్దాలనే తీసుకోండి. ఆ గుర్తు అంటించిన చీటీ మాత్రమే కావచ్చు. కాబట్టి కళ్లద్దాల దుకాణంలో పరీక్షించే చిన్న యంత్రం ఉంటే దాని మీద పెట్టి చూపించమని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు.

ఎంత రంగు కావాలి?

అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ఎండ అద్దాలను 0 నుండి 4 వరకు అయిదు తరగతులుగా విభజించారు. 0 తరగతి దాదాపు తెల్లని అద్దం. అది 80 శాతానికి పైగా వెలుతురును రానిస్తుంది. 1వ తరగతి 43 నుండి 80 శాతం, 2వది 18 నుండి 43 శాతం, 3వది 8 నుండి 18 శాతం రానిస్తాయి. 4వ తరగతి 3 నుండి 8 శాతమే రానిస్తుంది. అది మంచు పర్వతాల కోసం ఉద్దేశించినది. దాన్ని ధరించి రోడ్డు మీద ఏ వాహనమూ నడపకూడదు.

ఇప్పుడు మన ఘాట్ రోడ్డును తలచుకోండి. శృంగవరపుకోట దాటి కొండ ఎక్కడం మొదలైన తరువాత ఒక మలుపులో కళ్లు మిరుమిట్లు గొలిపే ఎండ, మరుమలుపులో సిల్వర్ ఓక్ చెట్ల కింద చిక్కటి నీడ. గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 10 మీటర్లు. నల్లని అద్దం వెనుకనున్న కన్ను నీడకు అలవాటుపడే రెండు మూడు సెకన్లలో సైకిలు 20, 30 మీటర్లు వెళ్లిపోతుంది. ఆ దూరంలో గుంత ఉండవచ్చు, గులకరాళ్లుండవచ్చు, పశువుండవచ్చు. అందువలననే ఆ అబ్బాయి అద్దాలను నెత్తికెక్కించాడు. అతని స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు.

కనుక నా సలహా ఇది. అడవిదారులకు 1వ తరగతి, లేదా లేత 2వ తరగతి అద్దం చాలు. నీడలో నేల ఎగుడుదిగుడులు తెలియడానికి లేత గోధుమ, తేనె రంగు అద్దాలు బాగా పనికివస్తాయి. లోయలో, బయలు ప్రదేశంలో మిట్టమధ్యాహ్నం తిరిగేవారికి 3వ తరగతి బూడిదరంగు మంచిది. అది రంగులను ఉన్నవి ఉన్నట్లు చూపిస్తుంది. తెల్లవారుజామున పొగమంచులోనూ, చీకటి పడ్డాకనూ తెల్లని అద్దం తప్ప మరేదీ వద్దు. లేత పసుపు అద్దం పెడితే రాత్రి బాగా కనబడుతుందన్న ప్రచారాన్ని నమ్మకండి. ఏ రంగైనా ఉన్న కొద్ది వెలుతురును ఇంకా తగ్గించేదే.

ఎండలో తనంతట తాను నల్లబడే అద్దాలు సౌకర్యమే. అయితే నల్లబడినంత త్వరగా అవి తేటపడవు. చలిలో మరీ ఆలస్యం. ఎండనీడలు క్షణక్షణం మారే ఘాట్‌లో వాటిమీద పూర్తిగా ఆధారపడలేము. నీటి మీది తళుకును తగ్గించే పోలరైజ్‌డ్ అద్దాలు కారు నడిపేవారికి హాయినిస్తాయి. సైకిలు తొక్కేవారికి మాత్రం తడిసిన రాతిని, పలుచటి నీటిపొరను ముందుగా పట్టి ఇచ్చేది ఆ తళుకే.

పగలనిది, పక్కలు మూసేది

కొండదారిలో కంటికి తక్షణ ప్రమాదం ఎండ కాదు. పురుగు, ధూళి, రెమ్మ, ముందు చక్రం నుండి ఎగిరే రాయి. కాబట్టి పగిలి పెంకులయ్యే గాజును ఈ పనికి వాడకండి. దెబ్బ తగిలినా పగలని పాలికార్బొనేట్‌ను ఎంచుకోండి. దానిమీద గీతలు త్వరగా పడతాయి. అందుకని గట్టి పూత ఉన్నది తీసుకుని, ధూళి పడినప్పుడు చొక్కా అంచుతో రుద్దక ముందుగా నీటితో కడగండి. స్పిరిట్ వంటి ద్రావకాలు తగలనీయవద్దు.

అద్దం ముఖానికి చుట్టుకుని కణతల దాకా రావాలి. కనుబొమకూ అద్దానికీ మధ్య వేలు దూరేంత సందు ఉంటే పురుగు కూడా దూరుతుంది. మరీ అతుక్కుని ఉంటే గాలి ఆడక, ఎక్కుడులో చెమట ఆవిరి పట్టి అద్దం మసకబారుతుంది. అందుకు అంచుల్లో సన్నని గాలి దారులుంటాయి, చూసుకోండి. ముక్కు దగ్గరా చెవుల దగ్గరా రబ్బరు పట్టు ఉండాలి. హెల్మెట్ పెట్టుకునే దుకాణంలో సరిచూసుకోండి. తల గట్టిగా విదిలించినా జారకూడదు. అద్దాన్ని చేయి చాచినంత దూరంలో పట్టుకుని, తలుపు అంచు వంటి నిలువు గీతను దానిలోనుండి చూస్తూ మెల్లగా కదిలించండి. గీత వంకరలు పోతే ఆ అద్దం తలనొప్పి తెస్తుంది. తిరిగి ఇచ్చివేయండి.

చూపుకు అద్దాలు వాడేవారు అదే పవరును పాలికార్బొనేట్‌లో చేయించుకోవాలి. కాంటాక్టు లెన్సులు వాడేవారు పైన రక్షణ అద్దం లేకుండా దుమ్ముదారిలో తిరగవద్దు. వాగు నీటితో, కుళాయి నీటితో లెన్సులను ఎంతమాత్రం కడగవద్దు. ఆ నీటిలోని సూక్ష్మజీవులు కార్నియాను తినివేయగలవు.

ఇన్ని గుణాలున్నవి వేలకు వేలు పెట్టి కొనాలా? అక్కరలేదు. పరిశ్రమల్లో వాడే పాలికార్బొనేట్ తెల్ల అద్దాలు రెండు మూడు వందల రూపాయలకే దొరుకుతాయి. పేరున్న కంపెనీ అద్దాలలో తేలిక, కుదురు, అందం ఎక్కువ. కాని పరీక్షకు నిలిచిన చవక అద్దం ముక్కు మీద ఉంటే చాలు, నొసటి మీదనున్న ఖరీదైన అద్దం కన్నా అదే మేలు.

ఆ దారి పక్కన పనిచేసేవారి మాట

ఇక చివరిదని చెప్పిన మాట. సైకిళ్లు అరకు ఎక్కే నవంబరు, డిసెంబరు నెలలలోనే అక్కడ వరి కోతలు, నూర్పిళ్లు, కాఫీ పండ్ల కోత జరుగుతాయి. చాలా ఏళ్ల క్రితం ఏజెన్సీలో పనిచేస్తుండగా నా వద్దకు ఒక గిరిజన తల్లి వచ్చింది. నూర్పిడిలో వడ్లపొట్టు కంట్లో పడి అప్పటికి తొమ్మిది రోజులు. ఇంటి దగ్గర ఆకు పసరు పోశారు. సంతలో ఎవరో ఇచ్చిన చుక్కలు వేశారు. కార్నియా మీద బూజు జాతి సూక్ష్మజీవులు పట్టి, పుండు అయింది. పట్నం పంపించాము. పుండు మానింది గాని కంటిలో పువ్వు మిగిలిపోయింది. ఆమె ఆ కంటితో మళ్లీ దారం సూదిలోకి ఎక్కించలేదు. మా సైకిలు అబ్బాయికి తగిలిన దెబ్బ, ఆమెకు తగిలిన దెబ్బ ఇంచుమించు ఒకటే. తేడా తొమ్మిది రోజులు.

రెమ్మ, ఆకు, పొట్టు వంటి వాటితో అయిన గాయంలో బూజు జాతి సూక్ష్మజీవులు చేరే ప్రమాదం మనవంటి ఉష్ణదేశాలలో ఎక్కువ. ఈ తొమ్మిది రోజులను ఎలా తగ్గించవచ్చో నేపాల్‌లోని భక్తపూర్ చూపించింది. అక్కడ గ్రామ ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణనిచ్చి, కార్నియా గీసుకుపోయినవారికి క్లోరాంఫెనికాల్ కంటి లేపనం రోజుకు 3 సార్లు, 3 రోజులపాటు వేయించారు. 2001లో ప్రచురించిన ఫలితాల ప్రకారం అటువంటి 442 మందిలో 96 శాతం మందికి ఇన్ఫెక్షను లేకుండా మానింది. దెబ్బ తగిలిన 18 గంటలలోపు చికిత్స మొదలైన 284 మందిలో ఒక్కరికి కూడా పుండు కాలేదు.

అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. దాని రుచి గురించి మనమంతా గర్వంగా మాట్లాడుకుంటాము. ఆ పండు కోసే చేతులకు పైన రెండు కళ్లున్నాయి. 1956 నుండి గిరిజనుల పంట కొంటున్న గిరిజన సహకార సంస్థ గాని, పాడేరులోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ గాని కోతల కాలానికి ముందు ప్రతి కూలికీ ఒక జత తెల్లని రక్షణ అద్దాలు ఇవ్వాలని నా అభిప్రాయం. రాళ్లు కొట్టేవారికి అది మరీ అవసరం. ఊరి ఆశా కార్యకర్తకు కంటి గాయంలో చేయవలసిన మొదటి పని నేర్పడం దానికి తోడు. ఇది పెద్ద ఖర్చు కాదు.

దెబ్బ తగిలితే

కంట్లో నలుసు పడితే నలపవద్దు. తాగేందుకు పనికివచ్చే శుభ్రమైన నీటితో ధారగా కడగండి. కంటిలో ఏదైనా గుచ్చుకుని ఉంటే లాగవద్దు, కడగవద్దు, నొక్కవద్దు. కాగితపు కప్పు వంటిది పైన కప్పి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. చనుబాలు, తేనె, పసరు పోయవద్దు. మందుల దుకాణంలో అడిగి చుక్కలు తెచ్చుకోవద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే బూజు పుండుకు ఎరువు వేసినట్లే. నొప్పి తగ్గినా ఆ రోజే వైద్యునికి చూపించండి.

మీరు ఈసారి అరకు కొండ ఎక్కేటప్పుడు సంచిలో మరొక జత తెల్లని అద్దాలు వేసుకుని వెళ్లండి. మీరు ఆగే కాఫీ తోటలో పండ్లు కోస్తున్న ఎవరికైనా ఇచ్చి, ఎందుకో చెప్పి రండి.