మనోవ్యాధికి సమన్యాయం

దేహానికి రోగం వస్తే పరామర్శించే లోకం మనసుకు వస్తే ముఖం చాటేస్తుంది. అమెరికా బీమా సంస్థలూ చాలాకాలం అదే పని చేశాయి. గుండెజబ్బుకు ధారాళంగా చెల్లించి, మనోవ్యాధి దగ్గర చేయి ముడుచుకొనేవి. మిన్నెసోటా సెనేటర్ పాల్ వెల్‌స్టోన్ ఈ వివక్షను పౌరహక్కుల ఉల్లంఘనగా భావించారు. అది సరైన దృష్టి. ఆయన సోదరుడు మనోవ్యాధిగ్రస్తుడు. ఆ చికిత్స కుటుంబాన్ని అప్పులపాలు చేసింది. ప్రతిపక్షానికి చెందిన పీట్ డొమెనిచి కుమార్తెదీ అదే వ్యథ. ఉద్యోగుల బృందబీమాలో మనోవ్యాధికి తక్కువ ధనపరిమితి విధించరాదన్న 1996 నాటి చట్టం ఆ ఇద్దరి కృషిఫలమే. అయితే సంస్థలు ఊరుకుంటాయా? ఆసుపత్రిలో ఉండే రోజులనూ, వైద్యుణ్ణి కలిసే పర్యాయాలనూ కుదించాయి. ఆ లొసుగును పూడ్చిన 2008 నాటి చట్టం ఆ ఇద్దరి పేరనే వెలసింది. దానిని చూడకుండానే వెల్‌స్టోన్ 2002లో విమానప్రమాదంలో మరణించారు.

రెండు దశాబ్దాలు కళాశాలలో బోధించిన ఆయన, పరీక్షలే గీటురాయిగా 2001లో వచ్చిన విద్యాబిల్లును వ్యతిరేకించిన పదిమంది సెనేటర్లలో ఒకరు. బడికి నిధులివ్వకుండా పిల్లవాణ్ణి పరీక్షించడమూ ఆయన దృష్టిలో అన్యాయమే.

మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా శారీరక రోగాలతో సమానంగా మనోవ్యాధికి బీమా కల్పించాలని శాసించింది. దానిని అడిగి తీసుకోవడానికి రోగి కుటుంబం ముందుగా ఆ రోగం పేరు బయట చెప్పగలగాలి.